బోణీ అయ్యాక వెళ్ళు

రాజమండ్రి,
ఆదివారం మధ్యాహ్నం

చిట్టి తల్లికి,

పెద్దమ్మ ఆశీస్సులు. ఇక్కడ మేమిద్దరం క్షేమం. మీ పెదనాన్న మోకాలు కొంచెం నయం. పొద్దున్నే గోదావరి గట్టు దాకా నడిచొస్తున్నారు. వచ్చాక మాత్రం మన మూడు మెట్లూ వీధంతా వినబడేలా మూలుగుతూ ఎక్కుతున్నారు. పెరట్లో మామిడి ఈ ఏడు విరగపూసింది. గాలికి ఎంత రాలుతుందో, ఎంత నిలుస్తుందో చూడాలి.

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. నీ కొత్త కుక్కర్ సంగతి చెప్పింది. మొన్న నాతో అరగంట మాట్లాడావు కదే, ఆ ఒక్క ముక్క ఎందుకు చెప్పలేదు? పెద్దమ్మ తిడుతుందని కాబోలు. తిట్టనులే. కొంచెం తిడతాను.

ఆ చిన్న పోర్షన్లో గ్యాస్ బండ పెట్టొద్దని ఇంటివాళ్ళు అన్నారు, ఇండక్షన్ స్టవ్ మీద వండుకుంటున్నావు. బాగానే ఉంది. దానికి అయిదు లీటర్ల అల్యూమినియం కుక్కర్ కొన్నావు. పెట్టగానే స్టవ్ కుయ్ కుయ్‌మని అరిచి ఆగిపోయింది. తెలియక కొన్నావు, అది తప్పు కాదు. "పోనీలే" అని ఎనిమిది రోజులుగా అటక మీద పెట్టావు చూడు, అది తప్పు. కొన్నవన్నీ అటకెక్కించడానికి మనమేమన్నా జమీందార్లమా? ఇలా అన్నానని కళ్ళనీళ్ళు పెట్టుకోకు. కొట్టుకి తిరిగి వెళ్ళి అడగాలంటే నీకు ప్రాణం చచ్చిపోతుందని నాకు తెలుసు. అది మనింటి జబ్బు. నా దగ్గర్నుంచే అంటుకుందేమో కూడా.

మా హాల్లో బీరువా ఎందుకుందో నీకెప్పుడైనా చెప్పానా? చిన్నప్పుడు దాగుడుమూతల్లో నువ్వు దాని వెనకే నక్కేదానివి. బీరువా హాల్లో ఉండడం మా ఇంటి పద్ధతి అనుకుని ఉంటావు. పద్ధతీ లేదు, పాడూ లేదు. 1987లో కొన్నాం. కొట్లో చూస్తే ముచ్చటగా ఉంది. ఇంటికి తెచ్చాక నడవలోంచి పడగ్గదిలోకి మలుపు తిరగలేదు. నలుగురు మనుషులు నిలువుగా, అడ్డంగా, ఏటవాలుగా పెట్టి చూశారు. గోడకి పెచ్చులూడాయి గాని బీరువా కదల్లేదు. ఆ కొట్టాయన కొన్నప్పుడే చెప్పాడు, "పట్టకపోతే కబురు పెట్టండమ్మా, చిన్నది పంపిస్తాను" అని. కబురు పెట్టానా? పెట్టలేదు. కొన్న వస్తువు గుమ్మం దిగి వెనక్కి పోతుంటే వీధిలో వాళ్ళేమనుకుంటారో అని. ఓ వారం హాల్లో ఉంచుదాం, తర్వాత చూద్దాం అన్నాను. ఆ వారం ఇంకా అవలేదు. ఇన్నేళ్ళూ చీర తీసుకోవాలంటే వచ్చిన చుట్టాలందరి ముందు నుంచీ నడిచి వెళ్ళాను. పాలవాడికి డబ్బులివ్వాలంటే వాడి కళ్ళముందే బీరువా తెరవాలి.

ఇంకోటి కూడా చెప్పేస్తాను. ఇది మీ పెదనాన్నకి కూడా తెలియదు, చదివి వినిపించకు. ఆ తర్వాత కొన్నేళ్ళకి మిక్సీ కొన్నాను. రెండు జార్లది. అదే నెలలో మా తోడికోడలు మూడు జార్లది కొంది. నాకు నిద్ర పట్టలేదు. నాలుగో రోజు మిక్సీ పెట్టెలో పెట్టుకుని కొట్టుకి వెళ్ళి, "మోటారు తిరగడం లేదండీ" అన్నాను. ఆయన ప్లగ్గు పెట్టి మీట తిప్పాడు. విమానం లేచినట్టు మోత! కొట్లో ఉన్న పదిమందీ నా వైపు చూశారు. ఆయన పల్లెత్తు మాట అనలేదు. "బాగానే తిరుగుతోందమ్మా" అని మెల్లగా చెప్పి పెట్టె మళ్ళీ కట్టించి ఇచ్చాడు. అనకపోవడమే నన్ను కోసింది. ఉన్నమాట చెప్పి పైన కొంత వేసి ఇస్తే మూడు జార్లది ఇచ్చేవాడేమో. తర్వాత రెండేళ్ళు ఆ కొట్టు ముందు నుంచి వెళ్ళాల్సి వస్తుందని మెయిన్ రోడ్డు మానేసి సందుల్లోంచి చుట్టూ తిరిగి బజారుకి వెళ్ళాను.

అందుకని మొదటి మాట. కుక్కర్ పాడైపోయిందని చెప్పకు. అది పాడవలేదు. ఇండక్షన్ స్టవ్ లోపల రాగితీగ చుట్ట ఉంటుంది. అది పైకి మంట పంపదు, అయస్కాంత క్షేత్రం పుట్టిస్తుంది. గిన్నె అడుగు అయస్కాంతానికి అంటుకునే రకమైతే ఆ అడుగే వేడెక్కుతుంది. ఉత్త అల్యూమినియానికి ఆ గుణం లేదు. స్టీలంతా ఒకటేనని కూడా అనుకోకు, అంటుకోని స్టీలూ ఉంది. అల్యూమినియం కుక్కర్లలోనే అడుగున వేరే లోహం బిళ్ళ వేసినవి దొరుకుతాయి, ఇండక్షన్‌కి పనికొస్తుందని పెట్టె మీద రాసి ఉంటుంది. ఆ మాటా, పక్కనే ఐఎస్‌ఐ గుర్తూ రెండూ చూసుకుని తీసుకో. ఏ కుక్కర్‌కైనా ఆ గుర్తు ఉండి తీరాలి.

ఇంతకీ కుక్కర్ కొన్నప్పుడు కొట్టాయనతో "ఇండక్షన్‌కి కావాలి" అని చెప్పావా? నిజం చెప్పు. చెప్పి ఉంటే, ఆయన "భేషుగ్గా పనిచేస్తుంది" అని చేతిలో పెట్టి ఉంటే, తప్పు ఆయనది. నువ్వు తలెత్తుకుని అడగొచ్చు. నువ్వు చెప్పకుండా ఆయన ఇచ్చి ఉంటే మాత్రం మార్చడం ఆయన మంచితనం. ఆ రెండింటికీ అడిగే గొంతు వేరు.

మా అమ్మ, అదే మీ అమ్మమ్మ, ఈ విషయంలో ఘటికురాలు. అజ్జరం నుంచి ఇత్తడి బిందె తెప్పించుకుంటే మడిచిన వేలితో చుట్టూ కొట్టి, చెవి ఆనించి వినేది. అమ్మే ఆయన చేతిలో డబ్బు పెట్టే ముందే అనేది, "రాత్రికి నీళ్ళు పోసి ఉంచుతాను నాయనా, పొద్దున్నకి కింద తడి కనబడితే తెచ్చేస్తాను." ఒకసారి తెచ్చింది కూడా. బిందెతో పాటు తడిసిన గోనెపట్టా కూడా పట్టుకెళ్ళింది, సాక్ష్యానికి. ఆవిడ గొంతు లేవలేదు, ఆయన మొహం మాడలేదు. మాట ముందే అయిపోయింది కదా. కొనేటప్పుడు సిగ్గుపడి నోరు మూసుకునే వాళ్ళం, ఇచ్చేటప్పుడు అరుస్తాం. అమ్మ ఆ తెలివి నాకు ఇవ్వలేదు, బిందె ఇచ్చింది.

సరే, ఎలా వెళ్ళాలో విను. పొద్దున్నే కొట్టు తీయగానే వెళ్ళకు. బోణీ కాకుండా వాపసు సరుకు గుమ్మంలోకి వస్తే ఎంత మంచివాడికైనా మనసు చివుక్కుమంటుంది. పదకొండు దాటాక వెళ్ళు. దీపాలు పెట్టే వేళ కూడా వద్దు, ఆ వేళప్పుడు గల్లాపెట్టెలోంచి డబ్బు బయటికి తీయరు. ఇవన్నీ నమ్మకాలే, నీకు నవ్వు రావచ్చు. నవ్వుకో, కాని పదకొండు దాటాకే వెళ్ళు. ఆదివారం రద్దీలో అసలు వద్దు.

పెట్టె, థర్మోకోల్, రబ్బరు, వెయిట్, వారంటీ కార్డు, కాగితం ముక్కతో సహా అన్నీ తీసుకెళ్ళు. నీళ్ళు పోసి స్టవ్ మీద పెట్టావంతే కదా, వండలేదు కదా? పొడిబట్టతో తుడువు, పీచుతో తోమావంటే గీతలు పడతాయి. బిల్లు ఉందా? ఉందనే అనుకుంటాను. ఆ మెషిన్ బిల్లుల మీద అక్షరాలు కొన్నాళ్ళకి తెల్లబడిపోతాయి, ఇవాళే ఫోటో తీసి ఉంచుకో. "బిల్లు వద్దంటే తగ్గిస్తాం" అంటే ఆశపడకు ఎప్పుడూ.

అల్లుడుగారిని వెంట తీసుకెళ్ళొద్దు. బంగారంలాంటి మనిషే, కాని కొట్లో ఆయన గొంతు తొందరగా లేస్తుంది. నువ్వే వెళ్ళు. హైదరాబాదు కాబట్టి "అన్నా" అని మొదలుపెట్టు, మన గోదారి "అండీ"లు రెండు ఎక్కువే తగిలించు, ఖర్చేం లేదు. డబ్బు వాపసివ్వమనకు. మార్చివ్వమను, ఎక్కువైతే పైన ఇస్తానను. అయిన బేరం తిరిగిపోతోందంటే ఆయనకి కష్టంగా ఉంటుంది, ఇంకో బేరం అవుతోందంటే కూర్చోమంటాడు.

బిల్లు కింద "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని ఉంటుంది. అది చూసి గుమ్మంలోంచే వెనక్కి వచ్చేయకు. నేను బడిలో ఉన్నన్నాళ్ళూ ఏటా డిసెంబరు 24న వినియోగదారుల దినోత్సవానికి పిల్లల చేత వ్యాసాలు రాయించాను, 1986లో ఆ రోజున చట్టం వచ్చిందని. ఇంటికొచ్చి హాల్లో బీరువా పక్కనే కూర్చుని అవి దిద్దేదాన్ని. ఇప్పుడున్నది 2019 నాటి కొత్త చట్టం. సరుకులో లోపం ఉంటే, బిల్లు మీద రాసిన గడువులోగా, గడువేమీ రాయకపోతే 30 రోజుల్లోగా, వాపసు తీసుకుని డబ్బివ్వాలి. కాదనడం అనుచిత వ్యాపార పద్ధతి అని అందులో ఉంది. బిల్లు ఇవ్వకపోవడమూ అంతే. లేని గుణం ఉందని చెప్పి అమ్మడమూ అంతే. నీ కుక్కర్లో లోపం లేదు కాబట్టి మొదటిది నీకు వర్తించదు. ఇండక్షన్‌కి పనికొస్తుందని ఆయన చెప్పి ఉంటే మూడోది వర్తిస్తుంది. అప్పుడు మర్యాదగా అడిగినా వినకపోతే 1915కి ఫోన్ చెయ్యి, తెలుగులోనే చెప్పుకోవచ్చు. జిల్లా కమిషన్ అని పైన ఒకటి ఉంది, అయిదు లక్షల లోపు కొన్న వాటికి అక్కడ ఫీజు కూడా లేదు. కుక్కర్ కోసం అంతదూరం వెళ్ళమనడం లేదు తల్లీ. ఉందని తెలిస్తే అడిగేటప్పుడు గొంతు వణకదు, అంతే.

ఎంత చెప్పినా ఆయన ససేమిరా అంటే నమస్కారం పెట్టి వచ్చేయ్. దెబ్బలాడకు. కుక్కర్ ఉగాదికి వచ్చేటప్పుడు ఇక్కడికి పట్టుకురా. నాది హేండిల్ ఊగుతోంది, మాకు గ్యాసే కదా. డబ్బులు నేనిస్తాను, వద్దనకు. ఇది ముందే చెబితే నువ్వు కొట్టుకి వెళ్ళవని చివర్లో చెబుతున్నాను. చిట్టీ, ముందు వెళ్ళి అడుగు.

మందులు వేసుకుంటున్నావా? మెంతికారం అయిపోతే చెప్పు, పంపిస్తాను.

ఉంటాను.

నీ పెద్దమ్మ

తా.క.: ఈ కవర్లో అట్టముక్కలో చుట్టి చిన్న అయస్కాంతం పెట్టాను. నువ్వు చిన్నప్పుడు నోట్లో పెట్టుకుంటుంటే లాక్కునేదాన్ని, ఆ ఆపిల్ పండు బొమ్మదే. కొట్లో కొత్త కుక్కర్ బోర్లించి అడుగున పెట్టి చూడు, గట్టిగా అంటుకుంటేనే తీసుకో. ఇన్నాళ్ళూ అది బీరువా తలుపు మీద ఉండేది. ఊడదీస్తే దాని కింద గుండ్రంగా 1987 నాటి రంగు కనబడుతోంది.