రష్ నాలుగు ఆల్బమ్‌లు: ఒక పాత అభిమాని పాఠాలు

టొరంటోలో వాయిద్యాల మరమ్మతు చేస్తూ నా ఉద్యోగ జీవితం గడిచింది. గుంటూరు జిల్లా నుంచి వచ్చినవాణ్ణి. రాక్ సంగీతం ఇక్కడికి వచ్చాకే చెవిన పడింది. ఈ ఊళ్లో పుట్టిన బ్యాండ్ రష్. బేస్ గిటార్ వాయిస్తూ పాడే గెడ్డీ లీ, గిటార్ వాయించే అలెక్స్ లైఫ్‌సన్, డ్రమ్స్ వాయిస్తూ పాటలు రాసిన నీల్ పీర్ట్. ముగ్గురే. సింథసైజర్లను ముందు వరసలో నిలబెట్టి వాళ్లు చేసిన ఆల్బమ్‌లు నాలుగు: సిగ్నల్స్ (1982), గ్రేస్ అండర్ ప్రెషర్ (1984), పవర్ విండోస్ (1985), హోల్డ్ యువర్ ఫైర్ (1987). వీటిలో ఏది గొప్పదన్న వాదన అభిమానుల్లో అప్పుడే మొదలైంది, ఇప్పటికీ తెగలేదు. కొత్తగా వినడం మొదలుపెట్టిన పిల్లలు నన్నూ అడుగుతుంటారు. నా జవాబు గ్రేస్ అండర్ ప్రెషర్. ఆ జవాబు దగ్గరికి నేను ఎలా చేరానో చెబితే, మీరు వేరే చోటికి చేరినా సరే, వినడంలో కొంత సాయపడుతుందని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

1. వాదనకు దిగేముందు హద్దు గీసుకోండి.

మా తగవుల్లో చాలా భాగం హద్దు తెలియక వచ్చినవే. ఎవరో ఒకరు మూవింగ్ పిక్చర్స్ పేరెత్తేవారు, ఇక మిగతా నాలుగూ పక్కకు పోయేవి. అది 1981 నాటి ఆల్బమ్, వాళ్ల అన్నిటిలోకీ ఎక్కువమంది ఎరిగినది. అందులో సింథసైజర్ లేదా అంటే ఉంది. టామ్ సాయర్ పాట మొదట్లో ఉరిమే ఆ ధ్వని ఓబర్‌హైమ్ ఓబీ-ఎక్స్‌ది. ఇంకా వెనక్కి వెళితే 1977లో ఎ ఫేర్‌వెల్ టు కింగ్స్‌లోనే మినీమూగ్, కాలితో తొక్కే టారస్ పెడల్స్ వచ్చేశాయి. కానీ అప్పటిదాకా సింథ్ పాటకు రంగు అద్దింది, పునాది మాత్రం గిటార్‌దే. సిగ్నల్స్‌లో మొదటి పాట సబ్‌డివిజన్స్ సింథ్ మీదే లేచి నిలబడుతుంది. గిటార్ తర్వాత వచ్చి చేరుతుంది. ఆ పాట ఎత్తుగడ ఏడు లెక్కల్లో నడుస్తుంది. మిశ్రచాపు తాళం ఎరిగిన చెవికి అది పరాయి నడక అనిపించదు, నన్ను మొదట కట్టిపడేసిందీ అదే. కాబట్టి నా హద్దు సబ్‌డివిజన్స్ దగ్గర మొదలవుతుంది. 1989లో ప్రెస్టో వచ్చి, నిర్మాత రూపర్ట్ హైన్ తోడుతో గిటార్ మళ్లీ ముందుకు జరిగిన చోట ముగుస్తుంది.

2. ఒక వాయిద్యం పెరిగితే మరొకటి చోటు వెతుక్కోవాలి.

ఇది నా వృత్తి నేర్పిన పాఠం. ఎలక్ట్రిక్ గిటార్ నిండుగా పలికే మధ్యస్థాయి శ్రుతులూ, ఓబీ-ఎక్స్ లాంటి పలు స్వరాల సింథ్ ఒకేసారి పట్టి ఉంచే శ్రుతులూ చాలావరకు ఒక్కటే. ఒకే గుమ్మంలోంచి ఇద్దరు ఒక్కసారి దూరబోయినట్టు, రెండూ ఒకేచోట గట్టిగా పలికితే ఏదీ స్పష్టంగా వినిపించదు. మినీమూగ్‌తో ఈ చిక్కు అంతగా లేదు. అది ఒక సమయంలో ఒక్క స్వరమే పలుకుతుంది. నాలుగు, ఆరు, ఎనిమిది స్వరాలు ఒక్కసారి పలికే యంత్రాలు వచ్చాకే గిటార్ ఇరుకున పడింది. సిగ్నల్స్‌లో లైఫ్‌సన్ వాయిద్యం చాలాచోట్ల వెనక నుంచి వినిపిస్తుంది. ఆ సంగతి అతనికీ నచ్చలేదు, తర్వాత బాహాటంగానే చెప్పాడు.

సింథసైజర్ గిటార్‌ను మింగేసిందని మా అభిమానుల్లో సగం మంది కోపం. మద్రాసు స్టూడియోల్లో కీబోర్డులు వచ్చి వయొలిన్ వాద్యకారుల సందడి తగ్గిందని మన సినిమా సంగీతాన్ని ప్రేమించినవాళ్లు తర్వాత పడిన బాధ కూడా ఇలాంటిదే. నేను ఆ కోపంలో పాలుపంచుకోలేదు. ఎందుకంటే ఆ ఇరుకులో లైఫ్‌సన్ ఏం చేశాడో విన్నాను. మందపాటి కార్డ్‌లను వదిలి, పైస్థాయిలో మెరిసే విడివిడి స్వరాలకు మళ్లాడు. తీగను మీటి వెంటనే ఆపే పొట్టి విరుపులు నేర్చాడు. స్వరాన్ని మోగనిచ్చి దాని చుట్టూ ఖాళీ మిగిల్చాడు. ఇరుకు లేకపోతే ఆ గిటార్ పుట్టేది కాదు.

గెడ్డీ లీ శ్రమ కూడా ఇక్కడే చెప్పాలి. వేదిక మీద నాలుగో మనిషిని పెట్టుకోకూడదని ముగ్గురి పట్టుదల. అందుకని అతను పాడుతూ, చేతులతో బేస్‌కీ కీబోర్డులకీ మధ్య మారుతూ, కాళ్లతో పెడల్స్ తొక్కుతూ ప్రదర్శన నడిపించేవాడు. అప్పటి అనలాగ్ సింథ్‌లు వేడెక్కే కొద్దీ శ్రుతి జారేవి. వాటిని బల్ల మీద విప్పి సరిచేసినవాడిగా చెబుతున్నాను, అలాంటి యంత్రాలను నమ్ముకుని వేలమంది ముందు నిలబడటానికి గుండె ధైర్యం కావాలి.

3. అంకె చెవికి సాక్ష్యం కాదు.

వాదనలో ఓడిపోతున్నామనిపిస్తే అమ్మకాల లెక్కలు తీసేవాళ్లం. అమెరికా ఆల్బమ్‌ల పట్టికలో సిగ్నల్స్ 10వ స్థానం దాకా వెళ్లింది. గ్రేస్ అండర్ ప్రెషర్‌ది 10, పవర్ విండోస్‌దీ 10. హోల్డ్ యువర్ ఫైర్ 13 దగ్గర ఆగింది. ఇక లెక్కలు తేల్చేదేముంది? పాటల్లో చూస్తే సిగ్నల్స్‌లోని న్యూ వరల్డ్ మాన్ అమెరికాలో 21వ స్థానానికి చేరింది, కెనడాలో మొదటి స్థానమే దక్కింది. ఆల్బమ్ రెండు వైపుల నిడివి సరిపోవడానికి చిన్న పాట ఒకటి కావాల్సి వచ్చి, చకచకా కూర్చిన పాట అది. హాయిగా ఉంటుంది. కానీ సిగ్నల్స్ గొప్పదనం మీకు చూపించమంటే నేను ఆ పాట వినిపించను. లూజింగ్ ఇట్ వినిపిస్తాను. నైపుణ్యం చెయ్యి జారిపోతున్న కళాకారుల మీద రాసిన ఆ పాటలో బెన్ మింక్ ఎలక్ట్రిక్ వయొలిన్ వాయించాడు. దాన్ని ఏ పట్టికా ఎక్కడా నిలబెట్టలేదు.

4. నిండుతనాన్ని గౌరవించండి, కానీ దానికే పట్టం కట్టకండి.

వాయిద్యం నేర్చిన అభిమానుల్ని అడిగితే చాలామంది పవర్ విండోస్ అంటారు. ఎందుకంటారో నాకు తెలుసు. నిర్మాత పీటర్ కాలిన్స్ దేనికీ వెనకాడలేదు. కీబోర్డుల కోసం ఆండీ రిచర్డ్స్ వచ్చాడు, ఆన్ డడ్లీ తంత్రీ వాద్యాలను నడిపించింది, మారథాన్ చివర గాయక బృందం కెరటంలా లేస్తుంది. ఇంగ్లండ్‌లో కొంత, కరీబియన్ ద్వీపం మాంట్సెరాట్‌లోని ఎయిర్ స్టూడియోలో కొంత రికార్డు చేశారు. లోహపు అంచులాంటి లైఫ్‌సన్ గిటార్, సింథ్‌ల మధ్య తన చోటు తాను సంపాదించుకుంది. రెండూ కొట్లాడుకోవు. ఆటమ్ బాంబు కథ చెప్పే మాన్‌హట్టన్ ప్రాజెక్ట్‌లో తంత్రీ వాద్యాలు వచ్చినప్పుడల్లా నేను పని ఆపేసి వింటాను.

అయినా ఇది నా మొదటి ఎంపిక కాదు. చిక్కంతా విప్పేసిన ఆల్బమ్ ఇది. చిక్కు విడుతున్నప్పటి ధ్వని మీద నాకు ఎక్కువ మమకారం.

5. యంత్రం కూడా దుఃఖం పలకగలదు.

గ్రేస్ అండర్ ప్రెషర్ గురించి కొంచెం ఎక్కువ చెప్పనివ్వండి. 1975 నుంచి వాళ్ల ఆల్బమ్‌లకు నిర్మాతగా ఉన్న టెర్రీ బ్రౌన్‌తో సిగ్నల్స్ తర్వాత దారులు వేరయ్యాయి. అతని స్థానంలో వస్తానన్న స్టీవ్ లిల్లీవైట్ చివర్లో రానన్నాడు. పీటర్ హెండర్సన్‌ను తోడు పెట్టుకుని క్యుబెక్ కొండల్లోని మోరిన్ హైట్స్‌లో, లె స్టూడియోలో, 1983–84 చలికాలమంతా ముగ్గురూ తలకు మించిన భారంతో పనిచేశారు. బయట ప్రచ్ఛన్న యుద్ధం ముదిరిన కాలం. అణుయుద్ధ భయం ఇళ్లలో మాట్లాడుకునేదిగా ఉండేది. పాటల నిండా ఆ భయమే.

ఆఫ్టరిమేజ్ పాట రాబీ వీలన్ కోసం. అతను అదే స్టూడియోలో వాళ్లతో పనిచేసిన యువకుడు, కారు ప్రమాదంలో పోయాడు. పోయిన స్నేహితుడు తిరిగిన గదుల్లోనే కూర్చుని అతని మీద పాట రికార్డు చేశారు. ఈ ఆల్బమ్‌ను యంత్ర సంగీతం అని కొట్టిపారేసినవాళ్లకు ఈ సంగతి చెప్పండి.

తర్వాత రెడ్ సెక్టర్ ఎ. గెడ్డీ లీ తల్లిదండ్రులు నాజీ శిబిరాల నుంచి బతికి బయటపడ్డ యూదులు. తల్లి 1945 ఏప్రిల్‌లో బెర్గెన్-బెల్సెన్‌లో విముక్తి పొందింది. బయట మనుషుల లోకం ఒకటి మిగిలి ఉండి ఉంటే ఇలాంటిది జరగనిచ్చేదా, కాబట్టి ఆ లోకం కూడా నాశనమైపోయి ఉంటుందని ఆమె అనుకుందట. కొడుకు చెప్పిన ఆ మాటే పీర్ట్ చేతిలో పాటకు బీజమైంది. ఈ పాటలో బేస్ గిటార్ లేదు. ప్రపంచంలోని గొప్ప బేస్ వాద్యకారుల్లో ఒకడు, తన తల్లి కథ చెప్పే పాటలో, తన వాయిద్యాన్ని పక్కన పెట్టేశాడు. దాని బదులు సింథ్ ఒకే లయలో ఆగకుండా కొట్టుకుంటూ ఉంటుంది, ఎలక్ట్రానిక్ డ్రమ్స్ పొడిగా మోగుతాయి. శిబిరంలో రోజుకూ రోజుకూ తేడా లేని ఆ నిర్దయకు ఇంతకన్నా సరైన ధ్వని నాకు తోచదు. కలప వాయిద్యపు వెచ్చదనం అక్కడ అబద్ధమయ్యేది.

ఇదే ఆల్బమ్‌లో గిటార్ మళ్లీ పైకి లేచింది, సింథ్ తగ్గనంది. డిస్టెంట్ ఎర్లీ వార్నింగ్‌లో రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటూ పోతాయి. ఆ ఒత్తిడే పాటల విషయం కూడా. చెప్పే మాటా, పలికే తీరూ ఒకటైన చోటు నాలుగింటిలోనూ ఇదొక్కటే.

6. ఎదుటివాడు విన్నది మీరింకా వినలేదేమో అడగండి.

హోల్డ్ యువర్ ఫైర్ అంటే ప్రాణమిచ్చే మిత్రుడొకడు ఉండేవాడు. మెత్తబడిపోయిన ఆల్బమ్ అని నేను అతని ముందే తీసిపారేశాను, పదిమందిలో. చైనా ప్రయాణం మీద పీర్ట్ రాసిన తై షాన్‌ను ఎత్తిచూపి మొత్తానికే మచ్చ అన్నాను. ఆ పాట పొరపాటని తర్వాత గెడ్డీ లీ కూడా అన్నాడు, దాని మీద నా మాట తప్పు కాకపోవచ్చు. కానీ మిత్రుడు ప్రేమించింది టైమ్ స్టాండ్ స్టిల్‌ను. ఎయిమీ మాన్ గొంతు కలిపిన పాట, కాసేపు కాలం ఆగితే ఉన్నవాళ్లను కళ్లారా చూసుకుంటానని వేడుకునే పాట. నాకప్పుడు అది రేడియో కోసం చేసినట్టు వినిపించింది. ఆ మిత్రుడు తర్వాత పశ్చిమ తీరానికి వెళ్లిపోయాడు, మాటలు తెగిపోయాయి. 2020 జనవరి 7న మెదడు క్యాన్సర్‌తో నీల్ పీర్ట్ పోయాక ఆ పాట మళ్లీ పెట్టుకున్నాను. ఇందులో ఏం విన్నావని ఆ తగువు రోజే ఆ మిత్రుణ్ణి అడిగి ఉండాల్సింది. పాట నచ్చని రోజున చేయదగిన పని అదే, పిల్లలూ. నా క్రమంలో హోల్డ్ యువర్ ఫైర్ ఇప్పటికీ నాలుగోదే, కానీ దాన్ని నాలుగోదని చెప్పడానికి నాకిప్పుడు కారణాలున్నాయి, అప్పుడు గొంతు మాత్రమే ఉండేది.

7. కాలం ఇచ్చే తీర్పుకు కూడా పై కోర్టు ఉంది.

2002లో వేపర్ ట్రెయిల్స్ కీబోర్డులే లేకుండా వచ్చింది. సింథ్ కాలం దారి తప్పిన కాలమని అనేవాళ్లకు అది రుజువులా దొరికింది. సంబరపడ్డారు కూడా. తీరా 2012లో క్లాక్‌వర్క్ ఏంజెల్స్ పర్యటన మొదలయ్యేసరికి బ్యాండ్ తన వెంట తంత్రీ వాద్య బృందాన్ని వేదిక ఎక్కించింది, పాటల జాబితాలో 80ల నాటి పాటలకు పెద్ద చోటిచ్చింది. పవర్ విండోస్ నుంచే ఎన్నో. మాన్‌హట్టన్ ప్రాజెక్ట్, రెడ్ సెక్టర్ ఎ నిజమైన వయొలిన్లతో మోగాయి. ఆ పాటలు సింథ్ తొడుగు ఒక్కదాని మీదే నిలబడినవి కావని అందరికీ తెలిసొచ్చింది. పాట గట్టిదైతే ఏ వాయిద్యం మోసినా గట్టిదే అని నా వాదన. రెడ్ సెక్టర్ ఎ మాత్రం నాకు పాత రూపంలోనే కావాలి. వయొలిన్లు దానికి ఓదార్పు తెచ్చాయి, ఆ పాటకు ఓదార్పు అక్కర్లేదు. ఈ మాట మీద నాతో తగువు పడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, వాళ్ల వాదన బలమైనదే.

8. వరసగా వినండి, ఏరుకుని కాదు.

ఒక్కో పాటను ఏరుకుని వినే అలవాటు మీ తరానిది. ఈ నాలుగింటికీ అది పనికిరాదు. సిగ్నల్స్‌తో మొదలుపెట్టండి. 1981 ఏప్రిల్‌లో కొలంబియా అంతరిక్ష నౌక తొలిసారి ఎగిరినప్పుడు ముగ్గురూ అక్కడ నిలబడి చూసి రాసిన కౌంట్‌డౌన్‌తో అది ముగుస్తుంది, యంత్రం మీద అంత నమ్మకంతో. వెంటనే గ్రేస్ అండర్ ప్రెషర్ పెట్టండి. రెండేళ్లలో ఆ నమ్మకం ఎక్కడికి పోయిందో వినిపిస్తుంది. తర్వాతే పవర్ విండోస్, దాని తర్వాతే హోల్డ్ యువర్ ఫైర్. అలా విన్నాక కూడా పవర్ విండోసే గొప్పదంటారా, రండి, కూర్చుందాం. మారథాన్ దగ్గర నేను కొంత తగ్గుతాను, ఆఫ్టరిమేజ్ దగ్గర మీరు తగ్గాలి.