పెరటి ఉసిరి: పూత వస్తుంది, కాయ ఎందుకు నిలవదు?

"చెట్టు ఏపుగా ఉంది, పూత కూడా బాగా వస్తోంది, కాయ మాత్రం లేదు, కొట్టేద్దామా?" అని ఉసిరి గురించి చాలామంది అడుగుతుంటారు. కొట్టకండి. ముందు రెండు సంగతులు చూసుకోండి.

మొదటిది, జత. ఉసిరిలో మగపూలు వేరు, ఆడపూలు వేరు. రెండూ ఒకే చెట్టు మీద ఉంటాయి. వీడియోలో రెమ్మని దగ్గరగా చూపించాను: మొదట్లో గుత్తులుగా ఉన్నవి మగపూలు, చివరివైపు అక్కడక్కడా ఉన్నవి ఆడపూలు. ఆడపూలే తక్కువ, పైగా చాలా రకాల్లో సొంత పుప్పొడితో కాయ సరిగా కట్టదు. అందుకే ఒక్క చెట్టు కాకుండా రెండు వేర్వేరు రకాలు పెట్టుకోవాలి. ఎన్.ఏ.7 పెడితే పక్కన కృష్ణ గానీ కాంచన్ గానీ. ఒకే రకం రెండు అంట్లు పెట్టి జత అయింది అనుకోవద్దు, అది ఒక చెట్టు కిందే లెక్క. చోటు లేదా? పక్కింటివాళ్ళతో ఇంకో రకం పెట్టించండి, తేనెటీగలకి గోడలు అడ్డం కావు. అదీ కుదరకపోతే ఉన్న చెట్టు కొమ్మకే వేరే రకం అంటు కట్టించుకోవచ్చు. పూత మీద మాత్రం ఏ కషాయమూ కొట్టకండి, నీమాస్త్రమైనా సరే. ఈగలు రాకపోతే మన కష్టమంతా వృథా.

(రాచ ఉసిరి సంగతి వేరు. అది ఒక్క చెట్టైనా గుత్తులు గుత్తులుగా కాస్తుంది. దాన్ని చూసి దీన్ని తిట్టకండి.)

రెండోది, నిద్ర. ఎండాకాలం మొదట్లో కట్టిన పిందె వెంటనే పెరగదు. కంటికి ఆనకుండా అలాగే ఉండిపోయి, వానలు పడ్డాక కదులుతుంది. మే నెలలో చూసి కాయ లేదనుకుంటే ఎలా? ఆగస్టులో చూడండి. నిండు పూత మీద నీళ్ళు ఆపండి, పిందె కట్టాక పదిహేను రోజులకోసారి పెడితే చాలు. లేత మొక్కలకి మాత్రం ఎండల్లో తడి ఆరనివ్వకూడదు.

కొత్తగా పెట్టేవాళ్ళు అంటు మొక్కే తెచ్చుకోండి. మూడు నాలుగేళ్ళకి కాపుకొస్తుంది, గింజ మొక్కయితే ఏడెనిమిదేళ్ళు పట్టొచ్చు. అంటు కట్టిన చోటు మట్టిలో పూడకూడదు. పాదులో ఎండాకుల ఆచ్ఛాదన వేసి, నెలకోసారి జీవామృతం పోయండి. 20 లీటర్ల నీటికి కిలో ఆవు పేడ, లీటరు మూత్రం, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల పప్పు పిండి, గుప్పెడు గట్టు మట్టి.

వానాకాలంలో రెమ్మ చివర బుడిపెలా ఉబ్బితే లోపల పురుగు ఉన్నట్టు. కిందికంటా కత్తిరించి కాల్చేయండి.

ఉసిరి కొమ్మ పెళుసు. రెండు మూడు అడుగుల వరకు ఒకటే కాండం ఉంచి, ఆపైన నలుదిక్కులా వెడల్పుగా పోయే కొమ్మలే ఉంచండి. కాపు బరువెక్కితే, కార్తీకం దాకా ఆగకుండా ముందే వెదురు పోట్లు పెట్టండి.