శ్రవణం అంటే ఏమిటి? అరీతా ఫ్రాంక్లిన్ ‘అమేజింగ్ గ్రేస్’ నేర్పే పాఠం



ప్రహ్లాదుడు తొమ్మిది భక్తి మార్గాలు చెప్పినప్పుడు మొదట పెట్టింది శ్రవణాన్ని. కీర్తనం దాని తర్వాతే. అంటే పాడటం కంటే ముందు వినడం రావాలి. ఈ వారం వీడియోలో దీని గురించే మాట్లాడుకున్నాం. మరి మనం ఎలా వింటున్నాం? మెట్రోలో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని విష్ణు సహస్రనామం, ఆఫీసులో కోడ్ రాస్తుంటే వెనకాల అన్నమయ్య కీర్తన. చెవిలో పడుతోంది, తప్పేం లేదు. కానీ అది శ్రవణమేనా?

ఈ ప్రశ్న పట్టుకుని ఈసారి కాస్త దూరం వెళ్దాం. 1972లో అమెరికాలో రికార్డయిన ఒక లైవ్ గాస్పెల్ ఆల్బమ్ విందాం. గాస్పెల్ అంటే అక్కడి నల్లజాతి చర్చిల్లో పుట్టి పెరిగిన భక్తి సంగీతం. ముందే ఒక మాట చెప్పుకోవాలి. వాళ్ళు పాడుతున్నది యేసుని. ‘అన్నీ ఒకటేలే’ అని దాన్ని మనదిగా మార్చుకుని వినక్కర్లేదు. ‘మనది కాదు కదా’ అని చెవులు మూసుకోనక్కర్లేదు. పక్కింట్లో ప్రార్థన జరుగుతుంటే మాట తగ్గించి, మర్యాదగా నిలబడతాం చూడండి, అలా వింటే చాలు.

ఎవరు, ఎక్కడ?

గాయని అరీతా ఫ్రాంక్లిన్. అప్పటికి ఆమె వయసు 29 ఏళ్ళే, కానీ అనుభవం చాలా పెద్దది. 14 ఏళ్ళప్పుడే, 1956లో, డెట్రాయిట్‌లో తండ్రి సి.ఎల్. ఫ్రాంక్లిన్ పాస్టర్‌గా ఉన్న చర్చిలో ఆమె పాటలు రికార్డయ్యాయి. తర్వాత ప్రేమ, జీవితం గురించిన సోల్ పాటలతో దేశమంతా పేరొచ్చింది. 1967లో వచ్చిన ‘రెస్పెక్ట్’ పాటతో ఆమె ఇంటింటికీ తెలిసిపోయింది.

అంత పేరున్న గాయని 1972 జనవరి 13, 14 తేదీల్లో లాస్ ఏంజెలెస్‌లోని వాట్స్ ప్రాంతంలో ఒక చిన్న బాప్టిస్ట్ చర్చికి వచ్చింది. ఆ భవనం ఒకప్పుడు సినిమా హాలు. 1965లో పోలీసుల తీరు మీద కోపం రగిలి అల్లర్లు జరిగి, 34 మంది చనిపోయిన ప్రాంతం అది. ఆ రెండు రాత్రుల పాటలే ‘అమేజింగ్ గ్రేస్’ ఆల్బమ్. పియానో దగ్గర రెవరెండ్ జేమ్స్ క్లీవ్‌లాండ్, వెనక సదరన్ కాలిఫోర్నియా కమ్యూనిటీ కోయిర్.

రెండో రాత్రి తండ్రి కూడా వచ్చి మాట్లాడారు. అరీతా మళ్ళీ చర్చికి తిరిగొచ్చిందని జనం అనుకుంటున్న రోజులవి. ఆమె అసలు చర్చిని వదిలి వెళ్ళనే లేదని ఆయన అన్నారు. ఉద్యోగం ఒక లోకం, భక్తి ఇంకో లోకం అనుకునే మనలాంటి వాళ్ళం ఆ మాట దగ్గర ఒక నిమిషం ఆగాలి.

మొదటి పాఠం: వినేవాళ్ళు కూడా పాటలో భాగమే

మన భజనలో ఒకరు ఒక వరుస అంటారు, మిగతావాళ్ళు అదే తిరిగి అంటారు. గాస్పెల్‌లో కోయిర్ ఒక్కోసారి అదే అంటుంది, ఒక్కోసారి వేరే మాటతో జవాబిస్తుంది. జనం మధ్యలో చప్పట్లు కొడతారు, గట్టిగా ఔనంటారు. హరికథలో దాసుగారు ‘శ్రీమద్రమారమణ గోవిందో’ అనగానే సభంతా ‘హారి’ అంటుంది కదా, ఆ బంధం లాంటిదే ఇది.

‘మేరీ డోంట్ యు వీప్’ పాట వినండి. అరీతా అందులో కథ చెబుతూ పాడుతుంది. సోదరుడు లాజరు చనిపోయాడని మరియ ఏడుస్తుంది. యేసు సమాధి దగ్గరికి వచ్చి లాజరుని పేరు పెట్టి పిలుస్తాడు. ఆ పిలుపు ఒక్కసారితో అయిపోదు. పిలిచిన ప్రతిసారీ సభలో కదలిక పెరుగుతుంది. ఆ జనం అరుపుల్ని డిస్టర్బెన్స్ అనుకుని తీసేస్తే పాటలో సగం పోతుంది. ఎందుకంటే ఆ అరుపు విని ఆమె తర్వాతి వరుస మారుస్తోంది. వాళ్ళు ఆమెని వింటున్నారు, ఆమె వాళ్ళని వింటోంది.

రెండో పాఠం: తొందర లేకపోవడం

‘అమేజింగ్ గ్రేస్’ పాట దాదాపు 11 నిమిషాలు. అందులో మాటలు మాత్రం కొన్నే. తాళం పట్టుకుని నడవదు. మన పౌరాణిక నాటకాల్లో పద్యం ఎత్తుకున్న నటుడు ఒక్క పదం మీద రాగం తీస్తూ నిలబడితే జనం ‘వన్స్ మోర్’ అంటారే, ఆ పద్ధతి గుర్తొస్తుంది. అర్థం మనకి మొదటిసారికే తెలిసిపోతుంది. ఆ అర్థం మనసులోకి దిగడానికే మిగతా పది నిమిషాలు. ఆ పాట నడుస్తుండగా క్లీవ్‌లాండ్ ఏడుపు ఆపుకోలేక మొహం కప్పుకుని కూర్చుండిపోవడం వీడియోలో కనిపిస్తుంది.

ఆ పాట రాసిన జాన్ న్యూటన్ 18వ శతాబ్దపు ఇంగ్లీషువాడు. బానిసల్ని రవాణా చేసే ఓడలకి కెప్టెన్‌గా పనిచేశాడు. తర్వాత మతబోధకుడయ్యాడు, 1788లో బానిసల వ్యాపారానికి వ్యతిరేకంగా పుస్తకం రాసి అచ్చువేశాడు. బానిసల్ని అమ్మినవాడు రాసిన పాటని, బానిసల వారసులు తమ పాటగా చేసుకుని పాడుతున్నారు. ఇది తెలిశాక ఆ 11 నిమిషాలు ఎక్కువ అనిపించవు.

మూడో పాఠం: శబ్దం ఒక్కటే చాలు

ఆ రెండు రాత్రుల్నీ దర్శకుడు సిడ్నీ పొలాక్ షూట్ చేశాడు. కానీ టేక్ మొదట్లో క్లాప్ బోర్డు కొట్టలేదు. దాంతో బొమ్మకి, శబ్దానికి సింక్ కుదరలేదు. మన భాషలో చెప్పాలంటే రెండు స్ట్రీములున్నాయి, కామన్ టైమ్‌స్టాంప్ లేదు! డిజిటల్ టెక్నాలజీ వచ్చాక ఆ పని పూర్తయింది, కోర్టు గొడవలు కూడా దాటి, అరీతా చనిపోయాక 2018 నవంబరులో సినిమా బయటికొచ్చింది. అంటే 46 ఏళ్ళపాటు జనానికి దొరికింది శబ్దం మాత్రమే. దాంతోనే ఆ ఆల్బమ్ అమెరికాలో 20 లక్షల కాపీలు దాటింది. వీడియో ఛానల్ నడిపే మేమే ఈ మాట చెప్పడం కొంచెం తమాషాగానే ఉంటుంది!

ఈ వారం అభ్యాసం

ఒకటి: పైన చెప్పిన రెండు పాటల్లో ఒకటి ఎంచుకోండి. ఫోన్ బోర్లా పెట్టి, స్క్రీన్ చూడకుండా వినండి. మొదటిసారి గొంతుని మాత్రమే గమనించండి.

రెండు: మర్నాడు అదే పాట మళ్ళీ వినండి. ఈసారి జనం ఎక్కడ స్పందిస్తున్నారో, ఆ తర్వాత గొంతు ఎలా మారుతోందో చూడండి.

మూడు: ఇప్పుడు మీ ఇంట్లో రోజూ మోగే కీర్తన ఒకటి తీసుకోండి. అన్నమయ్యదో, రామదాసుదో, మీకు నోటికి వచ్చినదే. వేరే పని పెట్టుకోకుండా అదే శ్రద్ధతో ఒక్కసారి వినండి. ఏదైనా మాట దగ్గర ఆగాలనిపిస్తే ఆగండి.

మూడోదే అసలు పరీక్ష. కొత్త పాట కాబట్టి మొదటిది శ్రద్ధగానే వింటాం. ఇరవై ఏళ్ళుగా వింటున్న సుప్రభాతాన్ని కొత్తగా వినగలమా? ఆ చర్చిలో కూర్చున్నవాళ్ళకి కూడా ఆ పాటల్లో చాలా చిన్నప్పటినుంచి తెలిసినవే. అయినా ఆ రాత్రి మొదటిసారి వింటున్నట్టు విన్నారు. శ్రవణం అంటే అదే. వాళ్ళ దేవుడు వాళ్ళకి, మన దేవుడు మనకి. ఆ వినే పద్ధతి మాత్రం నేర్చుకుందాం.

వచ్చే వారం కీర్తనం గురించి మాట్లాడుకుందాం. అంతవరకు సెలవు. శుభం.