ఏడో నెలలో తిరిగొచ్చిన తమ్ముడు: గీత ఆరో అధ్యాయం నుంచి ఒక పాఠం

 

ఈ వారం వీడియోలో ఆరో అధ్యాయం చివరి భాగం చెప్పుకున్నాం కదా. అందులో "యోగభ్రష్టుడు" అనే మాట దగ్గర నేను కాస్త తొందరగా వెళ్లిపోయాను, నిడివి పెరిగిపోతుందని. నిజానికి ఆ మాట నాకు బాగా అర్థమైంది ఏ ప్రవచనంలోనో కాదు, అమెరికాలో ఒక కారులో. చెప్పినతను హిందువు కూడా కాదు, మోర్మన్. ఆ సంగతి ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

గుడికి వెళ్లే దారిలో

2022లో ప్రాజెక్ట్ పని మీద మూడు నెలలు సాల్ట్ లేక్ సిటీలో ఉన్నాను. అక్కడికి దక్షిణంగా దాదాపు గంట ప్రయాణం చేస్తే స్పానిష్ ఫోర్క్ అనే ఊళ్లో ఇస్కాన్ వాళ్ల రాధాకృష్ణుల గుడి ఉంది. చుట్టూ కొండలు, మధ్యలో తెల్లటి గోపురాలు. ఏటా అక్కడ జరిగే హోళీకి వేలమంది వస్తారు. వాళ్లలో చాలామంది మోర్మన్ కాలేజీ పిల్లలే అంటే నేను మొదట నమ్మలేదు.

నాకు కారు లేదు. మా టీమ్‌లో ఒకతను "నేను తీసుకెళ్తా పద" అన్నాడు. దారిలో మాటల్లో, తను 19 ఏళ్ల వయసులో రెండేళ్లు జపాన్‌లో మిషనరీగా ఉన్నానని చెప్పాడు.

ఇక్కడ ఒక మాట సూటిగా చెప్పుకుందాం. ఇంటికొచ్చి మతం గురించి చెప్పేవాళ్లంటే మనలో చాలామందికి చిరాకు. నాకూ ఉంది. మన దేవుణ్ణి తక్కువ చేసి మాట్లాడితే ఎవరికైనా మండుతుంది. వాళ్ల సిద్ధాంతం ఒప్పుకోమని నేను అనట్లేదు, ఆ విషయంలో మీ అభిప్రాయం మీది. కానీ మనం ఎప్పుడూ తలుపుకి ఇవతల నిలబడే చూస్తాం. ఆ రోజు నేను తలుపుకి అవతల నిలబడ్డ కుర్రాడి కథ విన్నాను.

ఎవరు వీళ్లు?

మోర్మన్ అనేది వాడుక పేరు. అసలు పేరు యేసుక్రీస్తు కడవరి దిన పరిశుద్ధుల సంఘం. 1830లో న్యూయార్క్ రాష్ట్రంలో జోసెఫ్ స్మిత్ అనే యువకుడు మొదలుపెట్టాడు. బైబిల్‌తో పాటు "బుక్ ఆఫ్ మోర్మన్" అనే గ్రంథాన్ని కూడా పవిత్రంగా చూస్తారు. మన హైదరాబాద్‌లో కూడా వీళ్ల సంఘాలు ఉన్నాయి. కొన్ని స్థానిక సంఘాలను కలిపి "స్టేక్" అంటారు. భారతదేశంలో మొదటి స్టేక్ 2012లో ఏర్పడింది హైదరాబాద్‌లోనే.

వీళ్లలో అబ్బాయిలు రెండేళ్లు, అమ్మాయిలు ఏడాదిన్నర మిషన్‌కి వెళ్తారు. అబ్బాయిలకి కనీస వయసు ఒకప్పుడు 19, 2012లో 18కి తగ్గించారు. ఏ దేశానికి వెళ్లాలో వాళ్లు ఎంచుకోరు. సంఘం నుంచి పిలుపు వస్తుంది, అందులో ఏ ఊరు ఉంటే అక్కడికే. జీతం ఉండదు సరికదా, ఖర్చు ఇంటివాళ్లే పెట్టుకోవాలి. మా ఫ్రెండ్ వెళ్లిన రోజుల్లో అమెరికా కుటుంబాలు నెలకి 400 డాలర్లు కట్టేవి. 2020 నుంచి అది 500 అయింది.

వినగానే నాకు మన అయ్యప్ప దీక్ష గుర్తొచ్చింది. దీక్షలో చిన్నాపెద్దా అందరం "స్వామి" అయిపోతాం కదా, అక్కడ 19 ఏళ్ల కుర్రాడు కూడా "ఎల్డర్" అయిపోతాడు, అంటే పెద్ద అని. మనకి నల్లబట్టలు, మా ఫ్రెండ్ రోజుల్లో వాళ్లకి తెల్లచొక్కా, టై, జేబు మీద నల్ల బ్యాడ్జి. అప్పట్లో పొద్దున్న 6:30కి లేవాల్సిందే, రాత్రి 10:30కి పడుకోవాల్సిందే. సినిమాలు, గర్ల్‌ఫ్రెండ్ ఏమీ ఉండవు. ఎప్పుడూ ఇద్దరిద్దరే తిరగాలి, ఆ రెండో మనిషిని కూడా వాళ్లు ఎంచుకోరు. మన దీక్ష 41 రోజులు. వాళ్లది రెండేళ్లు.

పైకీ కిందికీ

తను వెళ్లింది జపాన్ ఉత్తరాన ఉన్న హొక్కైడోకి. ముందు యూటాలోనే ప్రొవో అనే ఊళ్లో శిక్షణ కేంద్రంలో కొన్ని వారాలు జపనీస్ నేర్పారు. బాగానే వచ్చేసింది అనుకున్నాడట. విమానం దిగాక టికెట్ కౌంటర్‌లో అమ్మాయి చెప్పిన ఒక్క ముక్కా అర్థం కాలేదు!

మంచులో సైకిల్. రోజంతా తలుపులు. అక్కడ ఎవరూ తిట్టరు, చాలా మర్యాదగా "కెక్కో దేసు" అంటారు. అంటే "వద్దండీ, పర్లేదు" అని. ఆ మాట రోజుకి ఎన్నిసార్లు విన్నాడో లెక్కే లేదు. "తిడితే కోపం తెచ్చుకోవచ్చు. మర్యాదగా వద్దంటే ఆ బాధ ఎవరి మీద చూపించాలి?" అన్నాడు నవ్వుతూ.

ఇంటికి ఫోన్ ఏడాదికి రెండుసార్లే, క్రిస్మస్‌కి ఒకటి, మదర్స్ డేకి ఒకటి. మిగతా అంతా వారానికో మెయిల్. (వారంవారం ఇంటికి ఫోన్ చేసుకోవచ్చని సంఘం ఒప్పుకున్నది 2019లో.) మొదటి క్రిస్మస్‌కి వాళ్లమ్మ గొంతు వినగానే ఏడుపొచ్చి, ఉన్న సమయంలో సగం అలాగే అయిపోయిందట.

మరి మంచి రోజులు? ఉన్నాయి. వాళ్లుండే వీధిలో ఒంటరిగా ఉండే ఒక బామ్మగారి వాకిట్లో మంచు తీసిపెట్టేవాళ్లు. ఆవిడ ఒక్కరోజు కూడా వాళ్ల మతం గురించి అడగలేదు. ప్రతి వారం కమలాపళ్లు మాత్రం ఇచ్చేది. రెండేళ్లలో తన వల్ల సంఘంలో చేరింది ఇద్దరు. వాళ్లలో ఒకరు తర్వాత రావడం మానేశారు. "లెక్క చూస్తే నా స్కోర్ ఒకటి. కానీ నాకు ఇప్పటికీ గుర్తొచ్చేది ఆ బామ్మే" అన్నాడు.

88 మంది, 23 ఏళ్లు, 166 మంది

తన కథకి వందేళ్ల ముందు కథ ఒకటి ఉంది. జపాన్‌కి మొదటి మోర్మన్ మిషనరీలు వెళ్లింది 1901లో. నలుగురు. నాయకుడు హీబర్ గ్రాంట్. అందరికంటే చిన్నవాడు ఆల్మా టేలర్, వయసు 19. గ్రాంట్ రెండేళ్లలో తిరిగొచ్చేశాడు, చెప్పుకోదగ్గ ఫలితం ఏమీ లేకుండానే. టేలర్ మాత్రం ఎనిమిదేళ్లకి పైగా అక్కడే ఉండిపోయాడు. భాష నేర్చుకుని వాళ్ల గ్రంథాన్ని జపనీస్‌లోకి అనువదించాడు. అది 1909లో అచ్చయింది.

అయినా జనం పెద్దగా రాలేదు. 23 ఏళ్లలో 88 మంది మిషనరీలు పనిచేస్తే, చేరినవాళ్లు 166 మంది. అంటే ఒక్కొక్కరి జీవితంలోంచి ఏళ్లకి ఏళ్లు పోతే, తలా ఇద్దరు కూడా లేరు. 1923లో పెద్ద భూకంపం వచ్చింది. 1924లో జపాన్ వాళ్ల వలసని ఆపుతూ అమెరికా చట్టం చేసింది, రెండు దేశాల మధ్య చెడింది. అదే ఏడాది సంఘం ఆ మిషన్‌ని మూసేసింది. మూసేయమని నిర్ణయం తీసుకున్నది ఎవరో తెలుసా? అప్పటికి సంఘానికి అధ్యక్షుడైన అదే హీబర్ గ్రాంట్. తన చేత్తో తెరిచిన తలుపుని తనే మూశాడు.

యుద్ధం అయ్యాక 1948లో మళ్లీ తెరిచారు. 1980లో టోక్యోలో వాళ్ల ఆలయం వచ్చింది, ఆసియాలో అదే మొదటిది. టేలర్ అది చూడలేదు.

"పని మీద నీకు అధికారం ఉంది కానీ ఫలితం మీద లేదు" అనే రెండో అధ్యాయంలోని బోధ మనం కాఫీ మగ్గుల మీద, వాట్సాప్ స్టేటస్‌లో రోజూ చూస్తాం. వినడానికి హాయిగా ఉంటుంది. మూసేసిన 1924 సంవత్సరంలో నిలబడి వింటే మాత్రం అంత హాయిగా ఉండదు.

ఎయిర్‌పోర్ట్‌లో ఎవరూ లేరు

ఇక అసలు విషయానికొస్తాను. మిషన్ పూర్తిచేసి వచ్చేవాళ్ల కోసం సాల్ట్ లేక్ ఎయిర్‌పోర్ట్‌లో పెద్ద హడావిడి ఉంటుంది. బెలూన్లు, బ్యానర్లు, తాతలు, చిన్నపిల్లలు, ఏడుపులు, నవ్వులు. మా ఫ్రెండ్‌కీ అలాగే జరిగింది.

మూడేళ్ల తర్వాత వాళ్ల తమ్ముడు వేరే దేశానికి వెళ్లాడు. ఏడో నెలలో తిరిగొచ్చేశాడు. తప్పేమీ చేయలేదు. నిద్ర పట్టదు, తిండి సహించదు, పొద్దున్నే ఒళ్లంతా వణుకు. డాక్టర్ పంపించేయమన్నారు. ఎయిర్‌పోర్ట్‌కి వాళ్లమ్మ ఒక్కతే వెళ్లింది. బెలూన్లు లేవు. వచ్చే ఆదివారం చర్చికి వెళ్తే జనం మంచిగానే పలకరించారు, కానీ ప్రతి ఒక్కరి కళ్లలో ఒకటే ప్రశ్న. నాలుగు వారాల తర్వాత అతను వెళ్లడం మానేశాడు.

"నాకు ఒకటి అర్థం కాదు. నేను రెండేళ్లు ఉంటే దేవుడి పని చేసినట్టు, వాడు ఏడు నెలలు చేసింది మాత్రం సున్నానా?" అని నన్నే అడిగాడు.

సరిగ్గా ఇదే అర్జునుడి ప్రశ్న! ఆరో అధ్యాయం 37 నుంచి 39 వరకు చూడండి. శ్రద్ధతో మొదలుపెట్టాడు, కానీ మధ్యలో మనసు జారిపోయింది. ఇటు లోకమూ దక్కలేదు, అటు గమ్యమూ అందలేదు. చెదిరిపోయిన మబ్బులాగా రెంటికీ చెడ్డవాడైపోతాడా కృష్ణా? ఈ సందేహం నువ్వు తప్ప ఇంకెవరూ తీర్చలేరు అంటాడు.

40వ శ్లోకంలో జవాబు. అక్కడ కృష్ణుడు అర్జునుణ్ణి "తాత" అని పిలుస్తాడు. మన తెలుగు తాత కాదండోయ్, సంస్కృతంలో ఆ మాటకి "నాయనా" అని అర్థం. భయపడ్డ పిల్లాణ్ణి దగ్గరికి తీసుకున్నట్టు పిలిచి, మంచి పని చేసినవాడు ఎవడూ చెడిపోడు, ఇక్కడా కాదు, పరలోకంలోనూ కాదు అంటాడు. ఆ తర్వాత శ్లోకాల్లో, అతను మళ్లీ పుట్టినా పాత సాధన తోడుగా వస్తుందని, ఆగినచోటు నుంచే ముందుకి వెళ్తాడని చెప్తాడు. మన భాషలో చెప్పాలంటే, లాప్‌టాప్ పాడైపోయినా ముందే పుష్ చేసిన కమిట్ ఎక్కడికీ పోదు.

ఇదంతా నాకొచ్చిన ఇంగ్లీష్‌లో చెప్పాను. తను కాసేపు ఏమీ మాట్లాడలేదు. గుడి దగ్గర కారు ఆపాక, "ఆ నంబర్లు రాసివ్వు, మా తమ్ముడికి పంపిస్తా" అన్నాడు.

నా సంగతి

ఇక్కడిదాకా వాళ్ల కథ చెప్పి నాది దాచేస్తే బాగుండదు. ఇంజనీరింగ్ మూడో ఏడాదిలో మాల వేసుకున్నాను. 23వ రోజు డెంగ్యూ. ప్లేట్‌లెట్స్ పడిపోయి హాస్పిటల్లో చేరితే మాల తీయాల్సొచ్చింది. నయమయ్యాక రెండు నెలలు మా వీధి గుడి ముందు నుంచి వెళ్లేవాణ్ణి కాదు, వెనక సందులోంచి తిరిగి వెళ్లేవాణ్ణి. ఎవరైనా "ఏంటి, మధ్యలో తీసేశావట?" అంటారని.

ఒకరోజు గురుస్వామి ఆ సందులోనే ఎదురయ్యారు. "స్వామీ, ఇరవై మూడు రోజులు చన్నీళ్లు పోసుకున్నావు కదా. అవి ఎవరి ఖాతాలోకి పోయాయనుకున్నావు? సాయంత్రం భజనకి రా" అన్నారు. అంతే. ఇంకేమీ అడగలేదు. ఆయన రమ్మన్నారు కాబట్టే నేను ఈరోజు ఇక్కడ మీతో ఇవన్నీ మాట్లాడుతున్నాను.

అమెరికాలో ఆ తమ్ముణ్ణి ఎవరో ఒకరు అలా పిలిచి ఉంటే ఏమయ్యేదో.

ఈ వారం సాధన

అయితే దీన్ని సాకుగా తీసుకోవద్దు. "కమిట్ ఉంది కదా, ఇక పడుకుందాం" అని కృష్ణుడు చెప్పలేదు. ఈ ప్రశ్నకి రెండు శ్లోకాల ముందే, 35లో, మనసు లొంగాలంటే అభ్యాసం, వైరాగ్యం కావాలని స్పష్టంగా చెప్పాడు. ఆ ఓదార్పు శ్రద్ధతో మొదలుపెట్టినవాళ్ల కోసం.

కాబట్టి ఈ వారం రెండు పనులు చేద్దాం.

ఒకటి, మీరు మధ్యలో ఆపేసిన సాధన ఒకటి గుర్తుచేసుకోండి. పారాయణ కావచ్చు, జపం కావచ్చు, పొద్దున్నే దీపం పెట్టడం కావచ్చు. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టక్కర్లేదు. ఆగిన పేజీ తీయండి, అక్కడి నుంచి ఈరోజు ఐదు నిమిషాలు చేయండి.

రెండోది ఇంకా ముఖ్యం. మీకు తెలిసినవాళ్లలో మాల మధ్యలో తీసేసినవాళ్లు, సత్సంగానికి రావడం మానేసినవాళ్లు ఒకరైనా ఉంటారు. వాళ్లకి ఫోన్ చేయండి. "ఎందుకు మానేశావు?" అని మాత్రం అడగకండి. "శనివారం గుడికి వెళ్తున్నా, వస్తావా?" అనండి చాలు.

వచ్చే వారం వీడియోలో ఏడో అధ్యాయం మొదలుపెడదాం. అంతవరకు సెలవు.

శ్రీకృష్ణార్పణమస్తు.