పది దినముల ఆత్మపరిశీలనము

ప్రపంచమునందలి ప్రాచీన జాతులలో యూదులొకరు. వారు ఏకేశ్వరోపాసకులు. స్వదేశమును వీడి నానాదేశములకు చెదరిపోయినను, వారు తమ ధర్మమును పండుగలను విడువలేదు. మన దేశమున కొచ్చిన్ నగరములో 1568వ సంవత్సరమున వారు నిర్మించుకొనిన ప్రార్థనామందిరము నేటికిని నిలిచియున్నది.

యూదుల పంచాంగము మన తెలుగు పంచాంగమువలె చాంద్రమాసముల ననుసరించును. ఋతువులతో పొత్తు కుదురుటకై వారును 19 సంవత్సరములలో 7 పర్యాయములు అధికమాసమును చేర్చుకొందురు. తిశ్రీ మాసపు మొదటి దినము వారి సంవత్సరాది. దానికి రోష్ హషానా అని పేరు. అది సెప్టెంబరునందో అక్టోబరునందో వచ్చును. ఆ మాసమున పదవ దినము ప్రాయశ్చిత్త దినము. దానిని యోమ్ కిప్పూర్ అందురు. ఈ పది దినములును ఆత్మపరిశీలనమునకు ఉద్దేశింపబడినవి.

సంవత్సరాదినాడు వారు ఆపిల్ పండు ముక్కలను తేనెలో ముంచి తిని, రాబోవు ఏడు మధురముగా నుండవలెనని కోరుకొందురు. మన ఉగాదిపచ్చడిలో తీపితోపాటు వేపపూవు చేదును కలదు. వారి పళ్లెరమున చేదు లేదు. అది మనస్సునకు విడువబడినది. ఆనాడు ప్రార్థనామందిరమున పొట్టేలికొమ్ముతో చేసిన బూరను ఊదుదురు. మైమోనిడీస్ అను మహాపండితుడు (1138-1204) ఆ ధ్వనికి అర్థము చెప్పెను. ఏమరుపాటు అను నిద్రలో నున్నవారిని మేల్కొలిపి, తాము చేసిన పనులను తరచి చూచుకొనుడని ఆ బూర హెచ్చరించునట!

ఈ దినములకు మూలమైన నియమమొకటి కలదు. క్రీ.శ. 200 ప్రాంతమున సంకలితమైన మిష్నా అను ధర్మగ్రంథమునం దది కానవచ్చును. మనుష్యుడు దైవముపట్ల చేసిన అపరాధములను ప్రాయశ్చిత్త దినము తొలగించును. కాని సాటిమనుష్యునిపట్ల చేసిన అపరాధమును, ఆ మనుష్యుని సమాధానపరచువరకు తొలగింపజాలదు. ఒక వర్తకుడు తప్పుడు తూకముతో బీదవానిని మోసగించెననుకొందము. అతడెంత కఠినముగా ఉపవసించినను ఫలము లేదు. మొదట ఆ బీదవాని సొమ్ము వానికి ముట్టజెప్పవలెను. ఒక బాలుడు తోటివానిపై లేనిపోని నింద మోపెననుకొందము. వాడు దేవునియెదుట కన్నీరు కార్చినంతమాత్రమున చాలదు. ఆ తోటివాని యింటికి నడచిపోయి, ముఖాముఖిగా తప్పొప్పుకొనవలెను. దేవునియెదుట తలవంచుట సులభము. సహపాఠియెదుట తలవంచుట కష్టము. ఆ కష్టమునే ఈ ధర్మము కోరుచున్నది.

బాధపడినవాడు క్షమింపకున్నచో ఏమి చేయవలెను? మైమోనిడీస్ దానికిని విధానము చెప్పెను. ముగ్గురు మిత్రులను వెంటబెట్టుకొని వెళ్లి వేడుకొనవలెను. అట్లు మూడు పర్యాయములు చేయవలెను. అప్పటికిని క్షమింపనిచో దోషము ఆ క్షమింపనివానిదే యగును. అయితే బాధపడినవాడు తన గురువైనచో ఈ పరిమితి లేదు. ఆయన క్షమించువరకు వేయిమారులైనను పోవలసినదే. నిజమైన పశ్చాత్తాపమునకు గుర్తేమి? మరల అదే అవకాశము, అదే శక్తి కలిగినప్పుడు, ఆ తప్పు చేయక మానుటయే దానికి గుర్తని ఆయన నిర్ణయించెను.

ప్రాయశ్చిత్త దినమున యూదులు ఒక సూర్యాస్తమయము మొదలు మరునాటి రాత్రివరకు, సుమారు 25 గంటలు, అన్నపానీయములు ముట్టరు. తోలు చెప్పులు తొడుగరు. పలువురు తెల్లని వస్త్రములు ధరింతురు. ఉపవాస మెంత ముఖ్యమైనను ప్రాణరక్షణ అంతకంటె ముఖ్యము. 1848లో విల్నా నగరమున కలరా వ్యాపించినప్పుడు, ఇజ్రాయెల్ సలాంతర్ అను గురువు ఆ పుణ్యదినముననే ఆహారము తీసికొనుడని ప్రజలను ప్రోత్సహించెను.

ఆనాటి పాపనివేదనమున ఒక విశేషము కలదు. అందులో ‘నేను’ అనక ‘మేము’ అని పలుకుదురు. ఒకని తప్పులో సమాజమునకును పాలు కలదని దీని భావము. మధ్యాహ్నమున యోనా ప్రవక్త కథను చదువుదురు. నీనెవె పట్టణవాసులు పశ్చాత్తాపపడగా దేవుడు వారిని క్షమించెను. కాని వారికి నాశనము చాటిన యోనా మాత్రము కినుక వహించెను. పరుల తప్పు మన్నించుట మంచివారికిని ఎంత కష్టమో ఈ కథ తెలుపును.

రాత్రి కాగానే కొమ్ము బూరను ఒక్కమారు ఊదుదురు. ఉపవాసము ముగియును. నాలుగు దినములు గడచిన పిదప పర్ణశాలల పండుగ రానున్నది. కావున అనేకులు ఆ రాత్రియే ఇంటి ముంగిట పర్ణశాల నిర్మాణమునకు పూనుకొందురు. ఆకులు కప్పిన ఆ చిన్న పాకలో, ఇంటిల్లిపాదియు అతిథులతో కలిసి భుజింతురు. పగలంతయు చేసిన మంచి సంకల్పము రాత్రికి నిద్రలో కరగిపోరాదు. వెంటనే ఒక మంచిపనిగా మారవలెను. ఎదుటివానితో తెగిన మైత్రిని ఆ పది దినములలో అతికించుకొనినవానికే ఆ పాకలో పదిమందితో కూర్చుండుటకు మనసొప్పును.