పాలబండి బ్యాటరీ ఎందుకు దిగిపోతున్నది?
ఛార్జింగ్ లోపమును మీటరుతో కనుగొను పద్ధతి



పితికిన పాలు పొదుగు నుండి వచ్చునప్పుడు సుమారు 37 డిగ్రీల వేడితో ఉంటవి. వాటిని త్వరగా 4 డిగ్రీలకు చల్లబరచకపోతే సూక్ష్మజీవులు పెరిగి పాలు పులుస్తవి. దారిలో బండి ఆగి, సెల్ఫు పడక, గంటలు గడిస్తే ఆ పాలు కేంద్రములో సి.ఓ.బి. పరీక్షకు నిలువవు, మరిగించగానే విరిగిపోతవి. ఆ నష్టము డ్రైవరు ఒక్కనిది కాదు, క్యానులో పాలు పోసిన ప్రతి సభ్యునిది. కాబట్టి బండి కరెంటు సంగతి మనకు కూడ కొంత తెలిసి ఉండవలెను.

సిద్దిపేట జిల్లా చిన్నకోడూరు మండలములోని చంద్లాపూర్‌ను ఉదాహరణగా తీసుకుందాము. 2020 ఏప్రిల్‌లో గోదావరి నీరు ఇక్కడి రంగనాయక సాగర్ జలాశయమునకు చేరినది. నీరున్న చోట పచ్చిమేత, మేత ఉన్న చోట పాడి పెరుగుట సహజము. ఇటువంటి ఊరి సంఘము పాలు సిద్దిపేటకు చేర్చుటకు ఒక పాత జీపును వాడుతున్నదనుకొందాము. వెనుక సీట్లు తీసి క్యాన్లకు చోటు చేసినారు. ముందు రెండు అదనపు లైట్లు, పైన మైకు, లోపల పాల పరీక్ష యంత్రము బిగించినారు. కొద్ది నెలలకే బ్యాటరీ మాటిమాటికి దిగిపోవుట మొదలైనది. మెకానిక్కు చూచి, "డైనమో పోయింది, కొత్తది వేయాలి" అన్నాడు.

వాడుకలో డైనమో అంటున్నాము గాని, ఇప్పటి బండ్లలో ఉండునది ఆల్టర్నేటరు. దానిని మార్చిన బిల్లులు మేము తనిఖీలలో చూస్తూనే ఉంటాము. మార్చిన తరువాత కూడ బ్యాటరీ దిగిపోయిన బండ్లున్నవి. కొలిచి చూడనిదే సామాను కొనరాదన్నదే ఈ పాఠము. కావలసినది కొన్ని వందల రూపాయల మల్టీమీటరు ఒక్కటే.

ముందుగా ఖర్చు లెక్క

వాట్లను 12తో భాగిస్తే సుమారుగా ఆంపియర్లు వస్తవి. 60 వాట్ల హెడ్‌లైట్లు రెండింటికి 10, అదనపు లైట్లు 55 వాట్లవి రెండింటికి 9, మైకుకు 5, పరీక్ష యంత్రమునకు 2 లేక 3 ఆంపియర్లు. మొత్తము 27 దాకా అయినది. ఆల్టర్నేటరుపై 45 ఆంపియర్లని ఉన్నా, అది ఇంజను వేగముగా తిరిగినప్పటి మాట. బండి నిలిచి ఇంజను నెమ్మదిగా తిరుగునప్పుడు అందులో సగము కూడ రాకపోవచ్చును. ఊరూర ఆగి, లైట్లు, మైకు వేసి పాలు పోయించుకొను బండికి రాబడి కంటె ఖర్చు ఎక్కువగును. అప్పుడు ఏ భాగము చెడకపోయినా బ్యాటరీ దిగును. ఆగిన చోట అదనపు లైట్లు ఆర్పుటయే మొదటి మందు.

కొలిచే వరుస

1. ఇంజను ఆపి రాత్రంతా ఉంచిన బ్యాటరీని ఉదయము కొలవవలెను. 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్లు, 12.2 ఉంటే సగము. 12కు తగ్గితే దాదాపు ఖాళీ. ఖాళీ బ్యాటరీని ముందు బయట ఛార్జి చేయించి తరువాతనే మిగిలిన పరీక్షలు చేయవలెను.

2. ఇంజను స్టార్టు చేసి, కొంచెము ఎక్సిలేటరు ఇచ్చి, అన్నీ ఆర్పి బ్యాటరీ వద్ద చూడవలెను. 13.8 నుండి 14.4 వరకు ఉండవలెను. 15 దాటితే రెగ్యులేటరు చెడినట్లు. బ్యాటరీ నీరు త్వరగా ఇంకిపోవును.

3. ఇప్పుడు లైట్లు, మైకు అన్నీ వేసి, అదే వేగములో మళ్ళీ చూడవలెను. 13కు దగ్గరగా పడిపోతే, ఆల్టర్నేటరు వెనుక లావు వైరు బిగించిన బోల్టుకు, దాని ఒంటికి మధ్య కొలవవలెను. అక్కడ 14.2, బ్యాటరీ వద్ద 13.1 ఉన్నదనుకోండి. ఆల్టర్నేటరు బాగున్నది, 1.1 వోల్టు దారిలో పోయినది.

4. ఆ పోయినది ఎక్కడో చూడవలెను. మీటరు ఒక ముల్లు ఆల్టర్నేటరు బోల్టుకు, రెండవది బ్యాటరీ ప్లస్సుకు పెట్టవలెను. 0.2 వచ్చినదనుకోండి, ఆ దారి బాగున్నది. తరువాత ఆల్టర్నేటరు ఒంటికి, బ్యాటరీ మైనస్సుకు మధ్య చూస్తే 0.9 వచ్చినది. లోపము ఎర్తులో ఉన్నది. మార్పులు చేసినప్పుడు ఛాసిస్‌కు రంగు వేసి, ఆ రంగు మీదనే ఎర్త్ వైరు బిగించి ఉండవచ్చును. గీకి, శుభ్రము చేసి, గట్టిగా బిగిస్తే సరిపోవును. కొత్త ఆల్టర్నేటరు వేసినా ఇక్కడ ప్రయోజనము లేదు.

5. అదనపు సామానుకు వేసిన వైరును చూడవలెను. దూరపు మడికి సన్నని పైపు వేస్తే నీరు తగ్గినట్లే ఇక్కడ వోల్టులు తగ్గును. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు 6 మీటర్లు వేసి 15 ఆంపియర్లు నడిపితే ఒక వోల్టుకు పైగా దానిలోనే పోవును. 6 చదరపు మిల్లీమీటర్లది వేస్తే పోవునది పావు వోల్టు మాత్రమే. పరీక్ష యంత్రము మధ్యలో ఆగి మళ్ళీ మొదలైతే ఆ రీడింగును లెక్కలోకి తీసుకొనరాదు. వెన్న శాతమే సభ్యుని పాల ధర. అదనపు వైరుకు బ్యాటరీ దగ్గరే ఫ్యూజు తప్పనిసరి.

6. ఆల్టర్నేటరు వద్దనే వోల్టులు తక్కువైతే ముందు బెల్టు చూడవలెను. బొటనవ్రేలితో నొక్కితే సుమారు ఒక సెంటీమీటరు దిగవలెను. తరువాత డాష్‌బోర్డుపై బ్యాటరీ గుర్తు లైటు. తాళము తిప్పగానే వెలిగి, స్టార్టు కాగానే ఆరవలెను. చాలా బండ్లలో ఆల్టర్నేటరుకు తొలి కరెంటు ఆ బల్బు గుండానే పోవును. బల్బు మాడినా, మీటర్లు మార్చునప్పుడు దాని బదులు ఎల్.ఇ.డి. పెట్టినా ఛార్జింగ్ మొదలు కాకపోవచ్చును. ఇవన్నీ బాగుంటేనే బ్రష్షులు, రెగ్యులేటరు, డయోడ్లు విప్పి చూడవలెను.

కొత్త బండ్లలో కొన్నింటికి ఛార్జింగును కంప్యూటరు నడుపును. వోల్టులు కావాలనే తగ్గించును, పెంచును. వాటిలో బ్యాటరీ మైనస్సు వద్ద కరెంటు కొలిచే పరికరము ఉంటే, అదనపు సామాను ఎర్తును ఛాసిస్‌కు కలపవలెను గాని నేరుగా బ్యాటరీ మైనస్సుకు కాదు. లేనిచో ఆ ఖర్చు కంప్యూటరు లెక్కలోకి రాదు.

చేయకూడనివి

ఇంజను నడుస్తుండగా బ్యాటరీ వైరు తీసి చూచుట పాత డైనమోల నాటి అలవాటు. ఆల్టర్నేటరు బండిలో అట్లు చేస్తే డయోడ్లు కాలిపోవును. ఛార్జి అగుచున్న బ్యాటరీ నుండి మండే వాయువు వచ్చును. దగ్గర బీడీ వెలిగించరాదు. వైరు విప్పునప్పుడు మైనస్సు ముందు, బిగించునప్పుడు మైనస్సు చివర.

పాలకవర్గములకు మా సూచన ఒక్కటే. ఆల్టర్నేటరు కొనుగోలుకు తీర్మానము చేయుటకు ముందు నాలుగు అంకెలు కాగితముపై వ్రాయించి వోచరుతో జతపరచవలెను: నిలిచిన బ్యాటరీ వోల్టులు, ఇంజను నడుస్తుండగా బ్యాటరీ వద్ద వోల్టులు, ఆల్టర్నేటరు వద్ద వోల్టులు, ఎర్తులో పోయిన వోల్టులు. ఈ అంకెలు లేని బిల్లును మహాసభలో ఏ సభ్యుడైనా ప్రశ్నించవచ్చును. ఆ డబ్బు లీటరు లీటరున పోగైన సభ్యులదే.