నానో శాస్త్రమును, సీసాలోని యూరియాయు

కొంతకాలముగా సహకార సంఘముల గిడ్డంగులలో యూరియా బస్తాల ప్రక్కన అరలీటరు సీసాలును కానవచ్చుచున్నవి. వానిపై నానో యను మాట యుండును. ఆ మాట కర్థమేమి, ఆ సీసా బస్తాకు బదులు కాగలదా యని సభ్యులు పలువురు ప్రశ్నించుచున్నారు. ఇది పైరునకును, పైరుపై తెచ్చిన అప్పునకును గూడ సంబంధించిన ప్రశ్న గావున వివరముగా విచారింతము.

నానోమీటరనగా మీటరులో నూరు కోట్లవ వంతు. మనుష్యుని తలవెండ్రుక మందము సుమారు 80,000 నానోమీటర్లుండును. ఒకటి మొదలు నూరు నానోమీటర్ల వరకు గల కణములను గూర్చి తెలుపునదే నానో శాస్త్రము. పదార్థము లింత చిన్నవైనపుడు వాని గుణములే మారును. పసుపువన్నె బంగారము ఎర్రని ద్రవముగా కనబడును. కొన్ని పదార్థముల కణములు పరిమాణము మారినకొలది వేరువేరు రంగుల వెలుగు నిచ్చును. ఇట్టి కణములను కనుగొని, తయారుచేయు మార్గము చూపిన బావెండి, బ్రూస్, ఎకిమోవ్ అను మువ్వురికి 2023లో రసాయనశాస్త్రమున నోబెల్ బహుమాన మొసగబడెను.

కర్షకునకు కావలసిన గుణము మరియొకటి. ప్రతి ప్రక్క సెంటీమీటరు గల కలకండ ముక్క నొకదానిని తలచుకొనుడు. దాని ఆరు ముఖముల వైశాల్యము 6 చదరపు సెంటీమీటర్లు. దానిని మిల్లీమీటరు ముక్కలుగా కోసినచో 60 అగును. నానోమీటరు ముక్కలుగా కోయగలిగినచో 6,000 చదరపు మీటర్లు, అనగా ఇంచుమించు ఎకరమున్నర! పదార్థము మాత్రము వ్రేలికొనపై నిలుచు ఆ ముక్కయే. ఆకును, వేరును తాకునది పైతలమే గనుక, స్వల్పపదార్థముతో అధికమైన పని జరుగునను ఆశ కిదియే మూలము.

ఈ ఆశ నిరాధారము కాదు. తిరుపతిలో ఆచార్య ఎన్. జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయపు పరిశోధకులు వేరుసెనగపై జరిపిన పరీక్షల ఫలితములు 2012లో ప్రకటింపబడినవి. సుమారు 25 నానోమీటర్ల జింకు ఆక్సైడు కణములను పదిలక్షల భాగములలో 1,000 భాగముల చొప్పున విత్తనములకు పట్టింపగా మొలకయు, మొక్క బలమును వృద్ధి చెందెను. ఆకులపై చల్లినపుడు, మామూలు జింకు ఎరువులో పదునైదవ వంతు మోతాదుతోనే అధికమైన కాయ దిగుబడి లభించెను. కాని 2,000 భాగములకు హెచ్చించినపుడు మేలునకు బదులు కీడే కలిగెను. ఎక్కువ వేసిన ఎక్కువ పండునను మన పాత భ్రమ ఇచ్చటను చెల్లదు.

ఇక యూరియా సంగతి. ఇఫ్కో సహకార సంస్థ గుజరాతునందలి కలోలు పరిశోధన కేంద్రమున నానో యూరియాను తయారుచేసి 2021లో విడుదల చేసెను. అరలీటరు సీసా 45 కిలోల బస్తాకు సాటి యనియు, పలుచోట్ల రైతుల పొలములలో పరీక్షింపగా దిగుబడి సగటున నూటికి 8 వంతులు పెరిగెననియు ఆ సంస్థ చెప్పెను. లీటరు నీటికి 2 మొదలు 4 మిల్లీలీటర్లు కలిపి ఆకులపై పిచికారీ చేయవలెను.

లెక్క చూతము. యూరియాలో నత్రజని నూటికి 46 వంతులు, కావున బస్తాలో 20 కిలోల 700 గ్రాములు. మొదటి సీసాలలో నత్రజని నూటికి 4 వంతులే, అనగా సీసాకు 20 గ్రాములు. బస్తాలో వేయవ వంతైనను లేదు. 2024లో వచ్చిన నానో యూరియా ప్లస్‌లో నూటికి 20 వంతులున్నను, సీసాకు నూరు గ్రాములే యగును. టన్ను వడ్లు పండుటకు పైరు సుమారు 15 మొదలు 20 కిలోల నత్రజనిని గ్రహించును. నేలపై చల్లిన యూరియాలో సగము గాలిలోను నీటిలోను పోయినదనుకొన్నను, మిగిలినది పది కిలోలు. ఇరువది గ్రాములు ఎంత సూక్ష్మముగా నున్నను పదికిలోలు కాజాలవు.

డెన్మార్కునందలి కోపెన్‌హాగన్ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు ఫ్రాంక్, హుస్టెడ్ గార్లు 2023లో ఇట్టి ఆక్షేపణనే ప్రకటించిరి. లూధియానాలోని పంజాబు వ్యవసాయ విశ్వవిద్యాలయమువారి రెండేండ్ల పరీక్షలో, సిఫారసు మేరకు మామూలు ఎరువు వేసిన మడులతో పోల్చగా, నానో యూరియా వాడిన మడులలో వరి దిగుబడి నూటికి 13, గోధుమ దిగుబడి 21.6 వంతులు తగ్గెను. గింజలోని నత్రజనియు తగ్గెను. ఇఫ్కోవారు తమ మాటనే నిలుపుకొనుచున్నారు.

జింకు విషయమున ఫలించినది నత్రజని విషయమున ఏల సందేహాస్పద మనిన, జింకు పైరునకు గ్రాముల లెక్కను కావలసినది, నత్రజని కిలోల లెక్కను కావలసినది. నానో శాస్త్రమును నిందింప పనిలేదు. ఏ పోషకమునకు దానిని వాడుచున్నారో చూడవలెను.

సీసా కొన్న సభ్యులు పొలమంతయు దానికి అప్పగింపక, ఒకే నేల, ఒకే విత్తనము గల మూడు సమానమైన చిన్న మడులను గట్లు వేసి వేరుచేయవలెను. మొదటిదానికి అలవాటు ప్రకారము యూరియా అంతయు వేయుడు. రెండవదానికి చివరి పైపాటు యూరియా మాని నానో యూరియా చల్లుడు. మూడవదానికిని చివరి పైపాటు మాని వట్టి నీరు చల్లుడు. ఈ మూడవ మడియే ముఖ్యము. రెండవదియు మూడవదియు సమానముగా పండినచో పిచికారీ వలన లాభము లేదన్నమాట. మూడును సమానముగా పండినచో, ఆ చివరి పైపాటే ఆ నేలకు అనవసరమై యుండును. అప్పుడు సీసాయు వలదు, ఆ యూరియాయు వలదు. మడి మడి ధాన్యమును వేరుగా నూర్చి, ఒకే తీరున ఎండబెట్టి తూచి, ఆ తూకములను, చల్లిన తేదీలను వ్రాసి సంఘ కార్యదర్శికి అందజేయవలెను.